సంత లెక్క, ఫోన్ లెక్క

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా మన సంఘం జరిపిన మహిళా సదస్సులో ఒక ఏఎన్‌ఎం చేసిన ప్రసంగ పాఠం)



"మహిళల ఆరోగ్యానికి డిజిటల్ సాధనాలు" అన్న విషయం మీద మాట్లాడమని నన్ను అడిగారు. నేను ఈ కొండల్లోనే పుట్టి పెరిగినదాన్ని. 22 ఏళ్లుగా ఏఎన్‌ఎంగా పనిచేస్తున్నాను. యాప్‌లు తయారుచేసే చదువు నాకు లేదు. అవి తయారై మన దగ్గరికి వచ్చాక ఎవరికి పనికొస్తున్నాయి, ఎవరికి పనికిరావడం లేదు అన్నది మాత్రం రోజూ చూస్తున్నాను. అదే చెబుతాను.

ఈ సాధనాలన్నీ "మీ కోసమే ప్రత్యేకంగా" అని చెబుతాయి. మీ నెలసరి ఎప్పుడు వస్తుందో, మీ కాన్పు ఎప్పుడో, మీరు ఈ వారం ఏం తినాలో చెబుతామంటాయి. మంచిదే. కానీ మన గురించి సరిగ్గా తెలిస్తేనే కదా మన కోసం చెప్పగలిగేది! మన తేదీ, మన భాష, మన రక్తం, మన ఊరి దారి, ఈ నాలుగూ దానికి తెలియాలి. తెలియకపోతే అది ఎవరికో చెప్పాల్సిన మాట మనకు చెబుతుంది.

ముందు తేదీ సంగతి.

గర్భిణి పేరు నమోదు చేసేటప్పుడు మేము అడిగే మొదటి ప్రశ్న, చివరిసారి నెలసరి ఏ రోజు మొదలైంది అని. బల్ల దగ్గర కూర్చుని "తేదీ చెప్పమ్మా" అంటే మన అమ్మాయి తలవంచుకుంటుంది. తేదీ తెలియదు అని రాసేసి, నెలలో ఏదో ఒక రోజు, 1వ తేదీయో 15వ తేదీయో వేసేసేవాళ్లు ఉన్నారు. నిజానికి ఆ అమ్మాయికి బాగా గుర్తే. "మొన్నటి సంతకు ముందు సంత లేదూ, దానికి రెండు రోజుల ముందు" అంటుంది. "ఇటుకల పండుగ అయిన మూడో నాడు" అంటుంది. "మా చిన్నత్త కూతురి పెళ్లికి వెళ్లొచ్చిన మర్నాడు" అంటుంది. సంత వారానికోసారి ఒకే రోజున వస్తుంది. కాబట్టి ఆ లెక్కలో తప్పు పోతే ఒకటి రెండు రోజులు పోతుంది. దాన్ని క్యాలెండర్ మీద వేలు పెట్టి వెనక్కి లెక్కపెట్టుకుంటే సరైన తేదీ దొరుకుతుంది. మన ఆడవాళ్లకు లెక్క రాదని ఎవరైనా అంటే నమ్మకండి. అడిగేవాళ్లకు మన లెక్క తెలియాలి, అంతే.

ఈ తేదీకి ఎందుకింత పట్టుబడుతున్నానంటే, మిగతావన్నీ దాని మీదే నిలబడతాయి. చివరి నెలసరి మొదలైన రోజుకు 7 రోజులు, 9 నెలలు కలిపితే కాన్పు దరిదాపు తేదీ వస్తుంది. ఏప్రిల్ 10న నెలసరి మొదలైతే కాన్పు జనవరి 17 దరిదాపుల్లో అన్నమాట. ఏ యాప్ అయినా లోపల చేసేది ఇంచుమించు ఈ లెక్కే. మనం ఇచ్చిన తేదీ మూడు వారాలు తప్పైతే అది చెప్పే ప్రతి మాటా మూడు వారాలు తప్పే. అందుకే నెల తప్పిందని తెలియగానే రమ్మంటాం. మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగ్ తేదీని బాగా పట్టిస్తుంది. ఏడో నెలలో తీస్తే అంత కచ్చితంగా చెప్పలేదు.

మైదానంలో ఉన్నవాళ్లకు వారం అటూ ఇటూ అయినా ఆటో దొరుకుతుంది. మనకు అలా కాదు. గెడ్డ దాటి, కొండ దిగి, డోలీలో మోసుకు రావాల్సిన ఊళ్లు ఇంకా ఉన్నాయి. అలాంటి ఊళ్ల గర్భిణులు నెప్పులు రాకముందే వచ్చి ఉండటానికి ఏజెన్సీలో కొన్ని ఆస్పత్రుల దగ్గర వసతి గృహాలు పెట్టారు. కాన్పు తేదీకి వారం పది రోజుల ముందు అక్కడికి రావాలి. తేదీ తప్పుగా రాస్తే వసతి గృహానికి బయల్దేరాల్సిన మనిషి ఇంటి దగ్గరే ఉండిపోతుంది. నెప్పులు వర్షాకాలం రాత్రి వస్తాయి. ఆమె ప్రాణం ఆ రాత్రి మన రిజిస్టర్లో రాసిన ఒక అంకె మీద ఆధారపడి ఉంటుంది.

ఇక ఫోన్‌లో వినిపించే సేవ గురించి. కేంద్ర ఆరోగ్య శాఖ 2016 జనవరిలో "కిల్‌కారి" అని ఒకటి మొదలుపెట్టింది. నాలుగో నెల నుంచి బిడ్డకు ఏడాది నిండేదాకా వారానికో ఫోన్ వస్తుంది. మొత్తం 72 సందేశాలు. డబ్బు కట్టనక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు, బటన్ ఫోన్ అయినా చాలు, చదువు రాకపోయినా చెవిన పెట్టుకుని వినొచ్చు. ఆ వారానికి తగిన మాటే చెబుతుంది. ఎన్నో నెలలో ఏం తినాలి, ఏ టీకా ఎప్పుడు, బిడ్డకు ముర్రుపాలు ఎందుకు పట్టాలి, ఎడం ఎలా పాటించాలి, ఇలాంటివి. తెలుగులో కూడా ఉంది. ఫోన్ వచ్చినప్పుడు ఎత్తలేకపోతే 14423కు చేసి మళ్లీ వినొచ్చు.

ఇంత బాగా ఉన్నదానికి మన దగ్గర మూడు అడ్డంకులున్నాయి.

మొదటిది, ఫోన్ ఎవరిది? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019-21) లెక్క ప్రకారం దేశంలో తానే వాడుకునే సెల్‌ఫోన్ ఉన్న ఆడవాళ్లు నూటికి 54 మందే. పల్లెల్లో అయితే సగం కూడా లేరు. కాబట్టి నమోదులో రాసేది భర్త నంబరో, మరిది నంబరో. కొన్నిచోట్ల ఆశా కార్యకర్త తన నంబరే రాసేస్తుంది. ఫోన్ మోగినప్పుడు అతను పొలంలో ఉంటాడు, లేకపోతే కాఫీ తోటలో, లేకపోతే రాజమండ్రి వైపు కూలికి. "ఏదో కంపెనీ ఫోన్" అని కట్ చేస్తాడు. అన్నదమ్ములారా, ఆ ఫోన్ కంపెనీది కాదు. మీ ఇంటి బిడ్డది. సాయంత్రం ఇంటికి వచ్చాక 14423 కొట్టి ఆమె చెవికి అందించండి. మీరూ పక్కన కూర్చుని వినండి. మీకు తెలియాల్సినవీ అందులో ఉన్నాయి.

రెండోది సిగ్నల్. మన చాలా ఊళ్లలో సిగ్నల్ దొరికే గట్టు ఒకటుంటుంది, చింతచెట్టు కిందో, బడి వెనక బండ మీదో. నిండు నెలల మనిషి ఆ గట్టెక్కి ఫోన్ పట్టుకోవాలంటే కష్టం. అందుకని ప్రతి గర్భిణి ఇంట్లో ముందే మాట్లాడుకోండి. రాత్రివేళ అవసరం వస్తే గట్టు మీదకి పరుగెత్తేది ఎవరు, 108కి చేసేది ఎవరు, డోలీ కట్టేది ఎవరు, పెద్దపిల్లల్ని చూసుకునేది ఎవరు. ఈ నాలుగు పేర్లు తల్లీబిడ్డల కార్డు వెనక రాసిపెట్టండి. కార్డుకు ఛార్జింగ్ అక్కర్లేదు.

మూడోది భాష. తెలుగులో ఉంది కదా అంటారు. కువి మాట్లాడే ఇంట్లో, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఇంట్లో కోడలికి తెలుగు సంతలో బేరమాడేంత వస్తుంది. "రక్తపోటు", "గర్భాశయం", "పోషకాహారం" అంటే ఆమెకు ఏం తెలుస్తుంది? నేను ఇంటికి వెళ్లి అదే సంగతి ఆమె భాషలో చెబితే నవ్వుతూ పది ప్రశ్నలు అడుగుతుంది. ఫోన్‌లోంచి తెలుగులో వినిపిస్తే "ఊ" అని ఊరుకుంటుంది. దీని గురించి మన సంఘం చేయగల పని ఒకటుంది. చివర్లో చెబుతాను.

ఇప్పుడు ఆడపిల్లలు అడిగే సంగతి. నెలసరి లెక్క చెప్పే యాప్‌లు వచ్చాయి. కాలేజీకి వెళ్లే పిల్లల ఫోన్లలో చూస్తున్నాను. వాడొద్దని నేను అనను. వరసగా కొన్ని నెలలు తేదీ వేసుకుంటే తన ఒంటి తీరు తనకు తెలుస్తుంది. 21 నుంచి 35 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా పెద్దవాళ్లలో అది మామూలే. కొత్తగా పెద్దమనిషైన పిల్లలకు మొదటి రెండేళ్లు ఇంకొంచెం అటూ ఇటూ అవుతుంది. వారం దాటి అవుతున్నా, గుడ్డలు గంటగంటకీ మార్చాల్సి వస్తున్నా, మూడు నెలలు రాకపోయినా మా దగ్గరికి రావాలి. అప్పుడు "ఎప్పటి నుంచి?" అని మేము అడిగితే ఫోన్‌లోనో, గోడ క్యాలెండర్ మీద చుట్టిన సున్నాల్లోనో జవాబు ఉంటుంది. హాస్టల్లో ఫోన్ ఉండదు కదా అంటారేమో. నోటుపుస్తకం చివరి పేజీ చాలు.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. "ఈ రోజుల్లో గర్భం రాదు" అని యాప్ చూపిస్తే దాన్ని పట్టుకుని ధైర్యపడొద్దు. అది గత నెలల సగటు చూసి చెప్పే అంచనా. జ్వరం వచ్చినా, మనసు బాగోకపోయినా, పని ఎక్కువైనా ఆ నెల లెక్క మారుతుంది.

రోజుల లెక్కతో కాన్పుల మధ్య ఎడం పాటించే పద్ధతి ఒకటి శాస్త్రీయంగా పరీక్షించినది ఉంది. అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం వాళ్లు రూపొందించారు. మనకు తేలిగ్గా అర్థమవుతుంది, ఎందుకంటే అది పూసల దండ. 32 పూసలు. నెలసరి మొదలైన రోజు ఎర్రపూస. రోజుకో పూస చొప్పున రబ్బరు చుట్టు జరుపుకుంటూ పోవాలి. 8వ రోజు నుంచి 19వ రోజు దాకా తెల్లపూసలు, అంటే గర్భం వచ్చే అవకాశం ఉన్న రోజులు. ఆ రోజుల్లో దూరంగా ఉండాలి, లేదా నిరోధ్ వాడాలి. తర్వాత అదే లెక్కను ఫోన్‌లోకీ ఎక్కించారు. తప్పకుండా పాటించినవాళ్లలో ఏడాదికి నూటికి 5 మంది లోపే గర్భం దాల్చారు. మామూలుగా, అప్పుడప్పుడూ తప్పుతూ వాడేవాళ్లలో 12 మంది దాకా. అయితే ఇది నెలసరి ప్రతిసారీ 26 నుంచి 32 రోజుల మధ్య వచ్చేవాళ్లకే పనికొస్తుంది. బాలింతలకు, నెలసరి క్రమం తప్పినవాళ్లకు పనికిరాదు. పైగా ఆ 12 రోజులూ భర్త ఒప్పుకోవాలి. పూసలు లెక్కపెట్టేది ఆమె ఒక్కతే అయితే దండ మెడలో ఉన్నా లాభం లేదు. ఎడం కోసం మా దగ్గర మాత్రలు, ఇంజెక్షన్, కాపర్‌టీ అన్నీ ఉన్నాయి. వచ్చి అడగండి.

తర్వాత రక్తం సంగతి. అదే సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉందని తేలింది. ఇప్పుడు వేలు గుచ్చి ఒక చుక్క తీస్తే చిన్న మీటరు అక్కడికక్కడే అంకె చూపిస్తుంది. మామూలు ఆడమనిషికి 12, గర్భిణికి 11 ఉండాలి. 7 కంటే తగ్గితే ఆస్పత్రికి వెళ్లాల్సిందే. ఆ అంకె మీది. మీటరు చూపించిన వెంటనే "ఎంత ఉంది?" అని అడిగి తెలుసుకోండి. ఫోన్ ఉంటే ఫొటో తీసుకోండి. వచ్చే నెల మళ్లీ చేసినప్పుడు పక్కపక్కన పెట్టి చూస్తే పెరిగిందో లేదో మీకే తెలుస్తుంది. గర్భిణులకు ఎర్ర మాత్ర రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక ఇంకో 180 రోజులు. పెద్ద తరగతుల బడిపిల్లలకు నీలం మాత్ర వారానికొకటి. మరిచిపోతున్నారని తెలుసు. ఫోన్‌లో రాత్రి అన్నం వేళకు అలారం పెట్టుకోండి. టీతో మింగొద్దు. మన ప్రాంతంలో రక్తం తగ్గడానికి మలేరియా కూడా కారణం కాబట్టి గర్భిణికి జ్వరం వస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. దోమతెరలోనే పడుకోవాలి.

"అందరికీ ఒకే సందేశం" ఎక్కడ దెబ్బ తీస్తుందో ఇక్కడే చూడండి. మనలో సికిల్‌సెల్ ఉంది. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో సికిల్‌సెల్ నిర్మూలన జాతీయ కార్యక్రమం మొదలైంది. 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్ష చేయాలన్నది లక్ష్యం. మన రాష్ట్రం, తెలంగాణ రెండూ అందులో ఉన్నాయి. పరీక్ష అయినవాళ్లకు కార్డు ఇస్తారు. సికిల్‌సెల్ వ్యాధి ఉన్న మనిషికి, ముఖ్యంగా రక్తం ఎక్కించుకుంటూ వస్తున్నవాళ్లకు, ఒంట్లో ఇనుము ముందే ఎక్కువగా ఉండొచ్చు. ఆమె ఐరన్ మాత్ర డాక్టరు పరీక్షించి చెప్పినట్టే వాడాలి. వ్యాధి లేకుండా లక్షణం మాత్రమే మోస్తున్నవాళ్లకు మాత్రల విషయంలో ఆ ఇబ్బంది లేదు. కానీ ఫోన్‌లో వచ్చే సందేశం ఇద్దరికీ "మాత్ర వేసుకున్నారా?" అనే అడుగుతుంది. ఆమె ఎవరో దానికి తెలియదు. కాబట్టి గర్భిణిగా నమోదు చేయించుకునే రోజే సికిల్‌సెల్ కార్డు చూపించండి. పరీక్ష కాకపోతే చేయమని అడగండి.

భార్యాభర్తలిద్దరూ లక్షణం మోస్తున్నవాళ్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మనలో మేనరికాలు ఉన్నాయి కాబట్టి పెళ్లికి ముందే ఇద్దరి కార్డులూ చూసుకోవడం మంచిది. చూసుకోవడం అంటే ఆ పిల్లని నలుగురిలో నిలబెట్టి పేరు పెట్టడం కాదు. లక్షణం మోసేవాళ్లు మామూలుగానే బతుకుతారు. వాళ్ల కార్డు ఫొటోను గ్రూపుల్లో తిప్పేవాళ్లు సాయం చేయడం లేదు, హాని చేస్తున్నారు.

30 దాటిన అక్కలకు ఒక మాట. పిల్లలు పుట్టడం ఆగిపోయాక ఆరోగ్య కేంద్రం గడప తొక్కడం మానేస్తారు. బీపీ, షుగర్, నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, ఈ అయిదింటి పరీక్షలు 30 దాటిన అందరికీ. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముందే పట్టుకోగల క్యాన్సర్. పల్చటి వెనిగర్ లాంటి మందు పూసి చూసే పరీక్ష, కొద్ది నిమిషాల పని, 5 ఏళ్లకోసారి చేయించుకుంటే చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2030 నాటికి ప్రతి 100 మందిలో 70 మందికి 35 ఏళ్లలోపు ఒకసారి, 45 లోపు ఇంకోసారి ఈ క్యాన్సర్‌కు మంచి పరీక్ష జరగాలని లక్ష్యం పెట్టుకుంది. 5 ఏళ్ల తర్వాతి తేదీ ఎవరికి గుర్తుంటుంది? అది ఫోన్ గుర్తుపెట్టుకోవాల్సిన పని. పరీక్ష అయిన రోజే మీ అబ్బాయి చేతో అమ్మాయి చేతో ఫోన్ క్యాలెండర్‌లో వేయించుకోండి.

ఇక గుట్టు. నెలసరి తేదీ, గర్భం, గర్భస్రావం, ఇవి మనం తల్లితో కూడా చెప్పడానికి వెనకాడే సంగతులు. యాప్‌కి మాత్రం నిమిషంలో చెప్పేస్తున్నాం. 2021లో అమెరికాలో ఫ్లో అనే నెలసరి యాప్ మీద అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక కేసును రాజీ ఉత్తర్వుతో ముగించింది. గుట్టుగా ఉంచుతామని చెప్పి వాడుకరుల ఆరోగ్య వివరాలను ఫేస్‌బుక్, గూగుల్ లాంటి కంపెనీలకు చేరవేసిందన్నది ఆరోపణ. మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. చట్టం ఉన్నా మన జాగ్రత్త మనది. యాప్ వేసుకునేటప్పుడు అసలు పేరు, ఊరు ఇవ్వనక్కర్లేదు. ఫోన్‌లోని నంబర్లు, ఫొటోలు అడిగితే వద్దని నొక్కండి. ఫోన్ ఇంటిల్లిపాదీ వాడేదైతే యాప్ కంటే గోడ క్యాలెండర్ మీద మీకే అర్థమయ్యే గుర్తు మేలు.

చివరగా, ఫోన్ చెప్పేదాకా ఆగకూడనివి కొన్ని ఉన్నాయి. గర్భిణికి రక్తం కనబడినా, ఉమ్మనీరు పోయినా, విపరీతమైన తలనొప్పి వచ్చి కళ్లు మసకబారినా, ముఖం చేతులు వాచినా, ఫిట్స్ వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా వెంటనే బయల్దేరాలి. యాప్‌లో వెతకొద్దు, ఎవరినీ అడగొద్దు. 108.

సంఘం పెద్దలకు నా విన్నపాలు మూడు.

ఒకటి. మన యువకులు పాటలు రికార్డు చేస్తున్నారు, ధింసా వీడియోలు తీస్తున్నారు. అదే చేత్తో కువిలో, ఆదివాసీ ఒడియాలో, పోర్జ మాటలో చిన్న చిన్న ఆరోగ్య సందేశాలు రికార్డు చేయండి. ఒక్కోటి రెండు నిమిషాలు. ఏం చెప్పాలో మేము, డాక్టర్లు చూసి ఇస్తాం. ఎలా చెప్పాలో మన ముసలమ్మలు చెబుతారు. సిగ్నల్ లేని ఊరికి మెమరీ కార్డులో పంపుదాం.

రెండు. నెలసరి తేదీని సంతతో, పండుగతో కలిపి చూసుకునేలా మన మండలాల సంత రోజులు, పండుగలు గుర్తుపెట్టిన క్యాలెండర్ ఒకటి సంఘం తరఫున అచ్చువేయించండి. ప్రతి అంగన్‌వాడీ గోడకూ ఒకటి. నమోదు చేసే ఏఎన్‌ఎం మన మనిషి కాకపోయినా ఆ క్యాలెండర్ చూసి సరైన తేదీ రాయగలుగుతుంది.

మూడు. నంబరు రాయించేటప్పుడు ఇంటి మగవాళ్లు "నాది రాయండి" అనకుండా ఆమెను అడగండి. ఆమెకు ఫోన్ లేకపోతే ఆమె నమ్మిన ఆడమనిషి నంబరు రాయించండి. ఒక బటన్ ఫోన్ కొనిపెట్టగలిగితే ఇంకా మంచిది. కొన్నాక దాన్ని పిల్లల ఆటలకూ, మరిది పాటలకూ వదలకుండా ఆమె దగ్గరే ఉంచండి.

 అడగాలనుకున్నవి ఉంటే సభ అయ్యాక కుడివైపు గదిలో ఉంటాను. అక్కడ ఆడవాళ్లమే ఉంటాం. తేదీ తెలియదని ఎవరూ మొహమాటపడొద్దు. సంత చెప్పండి చాలు, మిగతా లెక్క నేను చూసుకుంటాను.

జై ఆదివాసీ.